అడుక్కి అరంగుళం

పెళ్లిళ్ల సీజన్లో నా కళ్లు నావి కావు. విజయవాడ గవర్నరుపేటలో ఒక శుభలేఖల ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను. ముప్పై ఏళ్లుగా అదే పని, అదే బల్ల. ‘పాణిగ్రహనం’ అని వచ్చినదాన్ని ‘పాణిగ్రహణం’ చేస్తాను. ‘భందుమిత్రులు’ వస్తే ‘బంధుమిత్రులు’ చేస్తాను. మర్నాడు ఇంకెవరిదో పెళ్లి, మళ్లీ అదే ‘పాణిగ్రహనం’. ఈ చుట్టుపక్కల సగం పెళ్లిళ్లకు ‘ణ’ పెట్టింది నేనేనని ఒకసారి మా ఆవిడ దగ్గర గొప్పలు పోయాను. మరి వాళ్లెవరూ భోజనానికి పిలవలేదే అంది.

ఈ అలసట తీర్చుకోవడానికి కొందరు టీవీ చూస్తారు, కొందరు కొండెక్కి అమ్మవారి దర్శనానికి వెళ్తారు. నేను లారీలు చేస్తాను. చిన్న లారీలు. అడుక్కి అరంగుళం లెక్క. రోడ్డు మీద ఇరవై నాలుగు అడుగులుండే లారీ మా ఇంట్లో పన్నెండు అంగుళాలకు వస్తుంది. మొదట్లో కొన్న బొమ్మ కార్లనే విప్పి, థిన్నరుతో రంగు కడిగి, మన టాక్సీల్లా మార్చేవాణ్ణి. తర్వాత పెట్టెల్లో వచ్చే విదేశీ ట్రక్కులు తెప్పించాను. ముక్కు ముందుకు పొడుచుకొచ్చి, ఒళ్లంతా నున్నగా, ఎవరి ఊరివో తెలియనట్టు ఉండేవి. మన లారీ ఏ పెట్టెలోనూ దొరకదు. దొరకదని తెలిశాక అట్టతో మొదలుపెట్టాను. ప్రెస్సులో కోసి పారేసే శుభలేఖల అట్ట గట్టిగా ఉంటుంది, క్యాబిన్‌కు అదే. బాడీ చెక్కలకు ఐస్‌క్రీం పుల్లలు. టైర్లు పాత హవాయి చెప్పులోంచి కోసి గరుకు కాగితంతో అరగదీస్తాను. అద్దాలు చొక్కాల పెట్టె మూతలోంచి వస్తాయి. వెనక ఎర్రలైట్లు మా ఆవిడ బొట్టు స్టిక్కర్లు. బండి మీద దుమ్ము పట్టినట్టు కనిపించాలంటే ఇబ్రహీంపట్నం దారిలో రోడ్డు పక్కన పేరుకున్న బూడిదను మించింది లేదు. పవర్‌ప్లాంటు నుంచి బూడిద మోసే లారీలు రోజూ కొంచెం రాల్చుకుంటూ పోతాయి. ఒక డబ్బాడు తెచ్చుకుంటే ఏడాది సరిపోతుంది.

రోడ్డు మీద బూడిద ఎత్తుకొచ్చి ఇంట్లో పెట్టుకున్న రోజున మా ఆవిడ, పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట అని, ఆ డబ్బాను తీసి బాల్కనీలో పెట్టింది. ఆవిడకు కోపం లేదు, నాకు వాదించే ఓపిక లేదు. ఇద్దరికీ సరిపోయింది.

జ్యేష్ఠం చివరికొచ్చేసరికి ముహూర్తాలు పలచబడ్డాయి. ఒక సెలవు రోజున ఆటోనగర్ వెళ్లాను. లారీ వెనక డోరుకు గొలుసు ఎక్కడ తగిలిస్తారో చూసుకోవాలి. సగం చేసిన లారీ అట్టపెట్టెలో నాతోనే ఉంది. ఒక టీ కొట్టు దగ్గర కూర్చుని, పెట్టె తెరిచి, ఎదురుగా షెడ్డులో నిలబెట్టిన అసలు బండితో పోల్చి చూసుకుంటున్నాను. పక్కన కూర్చున్న పెద్దాయన తల అటూ ఇటూ తిప్పుతూ నా చేతుల వైపు చూస్తున్నాడు. డెబ్భై దాటి ఉంటాయి, కుడిచెయ్యి కొద్దిగా వణుకుతోంది.

“దాన్ని కాస్త ఎత్తి పట్టుకోండి సారూ,” అన్నాడు. ఎత్తాను. కొంచెం వెనక్కి అన్నాడు. వెనక్కి జరిపాను. “ఆఁ, పట్టింది,” అన్నాడు. లారీని నేనే పట్టుకున్నాను కదా, ఈయనకేం పట్టిందని అనుకున్నాను. కంటికి పట్టిందట.

ఆయన లారీల మీద బొమ్మలు వేసి పేర్లు రాసిన మేస్త్రీ. నలభై ఏళ్లు ఆ షెడ్లలోనే పని చేశాడు. ఇప్పుడు లారీల మీద అంతా రేడియం స్టిక్కర్లే కాబట్టి బ్రష్షు పట్టినవాళ్లతో ఎవరికీ పని లేదు. అది పోనీ అనుకుంటే కళ్లకు నీటికాసులు వచ్చాయి. చూపు అంచుల నుంచి మూసుకొస్తోంది. మధ్యలో మాత్రం, గొట్టంలోంచి చూసినట్టు, కాస్త మిగిలింది. ఆ మిగిలిందీ ఎన్నాళ్లుంటుందో డాక్టర్లు చెప్పలేమన్నారు.

“పెద్ద లారీ నా కంటికి పట్టట్లేదండీ. టైరు చూస్తే క్యాబిన్ పోద్ది, క్యాబిన్ చూస్తే రాత పోద్ది. మీది మొత్తం పట్టింది,” అన్నాడు.

దూరం జరిగితే పెద్దదైనా పడుతుందిగా అన్నాను, తెలివిగా. ఆటోనగర్ సందుల్లో వెనక్కి జరగడానికి చోటెక్కడుందని, రోడ్డు మీద చూద్దామంటే లారీ ఆగదని, ఆగినా అది తన రాత కాదని ఆయన నెమ్మదిగా వివరించాడు. తన రాత ఉన్న బళ్లన్నీ ఎప్పుడో తుక్కుకు పోయాయట. ఆయన కోరిక నేను అడగకుండానే బయటికొచ్చింది. తన చేతిరాత ఉన్న లారీని, చక్రాల నుంచి పేరు దాకా, ఒక్క చూపులో ఒక్కసారి చూసుకోవాలి. కళ్లు పూర్తిగా మూసుకోకముందే చూసుకోవాలి. నేను చేసిపెట్టగలనా అని అడిగాడు.

చెయ్యనని చెప్పడానికి నోరు తెరిచాను. నేను ఎవరికీ చేసిపెట్టను, నాకు తోచినప్పుడు నా కోసం చేసుకుంటాను. కానీ నా నోట్లోంచి ‘మీ రాత నమూనా ఎక్కడైనా ఉందా’ అన్న మాట వచ్చింది. ఫొటోలు లేవు. హనుమాన్ జంక్షన్‌లో పంక్చర్లు వేసే కొట్టు ముందు ఒక పాత లారీ డోరును బల్లలా వేసుకున్నారని, అది తన రాతేనని చెప్పాడు.

మరుసటి ఆదివారం బస్సెక్కి హనుమాన్ జంక్షన్ వెళ్లాను. ఎండ మాడ్చేస్తోంది. ఆ బల్ల మీద ఇద్దరు డ్రైవర్లు కూర్చుని ఉన్నారు. కాసేపు లేవమంటే, ఎందుకు సార్ అన్నారు. మీ కింద అక్షరాలున్నాయి, రాసుకోవాలి అన్నాను. వాళ్లు నన్నెలా చూశారో చెప్పక్కర్లేదు. డోరు మీద పరిచిన గోనెపట్టా తీసి, ట్రేసింగ్ కాగితం పెట్టి, పెన్సిలుతో రాత మొత్తం ఎక్కించుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ రాత చూసి నాకు అసూయ కలిగింది. కంప్యూటర్లో రోజూ వందల అక్షరాలు చూసే నేను అంత నిండైన ‘మ్మ’ను చూడలేదు. తలకట్టును కొడవలిలా లాగి వదిలేశాడు. రెండు వైపులా రెండు తామరలు, మధ్యలో పసుపు రంగు మీద ఎర్రగా, ‘దుర్గమ్మ రక్షన’.

రక్షన. బస్సులో తిరిగొస్తూ కాగితం విప్పి మళ్లీ చూసుకున్నాను. ముప్పై ఏళ్లుగా నేను దిద్దుతున్న తప్పే. అంత అందమైన చేతిలోంచి ఈ తప్పు ఎలా వచ్చిందా అని చిరాకేసింది, జాలి కూడా వేసింది. ముసలాయన ఆఖరిసారి చూసుకునే సొంత రాతలో తప్పెందుకు ఉండాలి? ‘ణ’ పెట్టేద్దాం, గమనిస్తే సంతోషిస్తాడు, గమనించకపోతే పోనీ. ఇంత మంచివాణ్ణి కదా అని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

మామూలుగా ఒక లారీకి నాకు నాలుగు నెలలు పడుతుంది. ఇది ఆషాఢంలో ముగించాను. ప్రెస్సులో పని లేదు, పొద్దున్నే లేచి కూర్చునేవాణ్ణి. అక్షరాలకు మూడు వెంట్రుకలు మిగిల్చిన బ్రష్షు వాడాను. తలకట్టు ఒక్కటే పదిహేనుసార్లు తుడిచి రాశాను. ‘ణ’ మాత్రం మొదటిసారికే కుదిరింది. కుదరక ఏమవుతుంది.

మేస్త్రీ గారి ఇల్లు ఆటోనగర్ వెనక వీధిలో రెండు గదులు. గోడ మీద ఏసుప్రభువు పటం, కింద చర్చి వాళ్ల క్యాలెండరు. ఆయన కూతురు ఆసుపత్రిలో నర్సు, ఆ రోజు ఇంట్లోనే ఉంది. నేను లారీని బల్ల మీద పెట్టాను. ఆయన లేచి రెండడుగులు వెనక్కి వేశాడు, ఇంకో అడుగు వేశాడు, తల కొంచెం వంచాడు. “పట్టిందమ్మా, మొత్తం పట్టింది,” అన్నాడు కూతురితో. టైర్లు చూశాడు, గొలుసు చూశాడు, క్యాబిన్ కింద వేలాడే నల్లకుచ్చు చూశాడు. ముఖం విప్పారింది. నాకు లోపల ఎంత ఆనందమేసిందో, ఆ క్షణంలో ఎవరైనా ఇంకో పది లారీలు చెయ్యమంటే ఒప్పుకునేవాణ్ణి.

తర్వాత లారీని వెనక్కి తిప్పమన్నాడు. తిప్పాను. చాలాసేపు చూశాడు.

“రాత ఎవరిదండీ?” అన్నాడు.

మీదేనండీ, మీ డోరు మీది నుంచే ఎక్కించాను అన్నాను. కాదన్నాడు. నాది ‘న’, ఇదేదో వేరే అన్నాడు. అది తప్పు కదండీ, దిద్దాను అన్నాను. కూతురు నవ్వి, అది తప్పు కాదంకుల్, నాన్న కావాలనే అలా రాసేవాడు అంది. అప్పుడు తెలిసింది నాకు. కొత్త లారీ తళతళలాడుతూ షెడ్డులోంచి బయటికొస్తే దిష్టి తగులుతుంది. పసిపిల్ల బుగ్గన చుక్క పెట్టినట్టు ఒక అక్షరం తప్పు పెడితే ఆ దిష్టి కాస్తా అక్షరానికి తగిలి పోతుంది. అది ఈయన పద్ధతట. దుర్గమ్మ రక్షన, ఏసు రక్షన, అల్లా రక్షన, పేరు ఏదైనా వెనక మాట ఒకటే, తప్పూ ఒకటే. కంకిపాడు, ఉయ్యూరు వైపు నుంచి కూడా ఓనర్లు వచ్చి, మా బండికీ ఆ తప్పు పెట్టండి మేస్త్రీ అని అడిగి రాయించుకునేవారట. చర్చిలో పాస్టరు గారు దిష్టి అనేది లేదంటే, మనుషులకు లేదేమో గానీ లారీలకు ఉందండీ అన్నాడట ఈయన. కూతురు ఇదంతా ఎంతో గర్వంగా చెప్పింది. ఆయన మాత్రం లారీ వైపే చూస్తూ నిలబడ్డాడు.

నాకు ఒళ్లు మండింది. అయిదు వారాలు కళ్లు పొడుచుకుని చేస్తే, ఒక్క అక్షరం దగ్గర కాదన్నాడు. ఈ వయసులో ఈ మొండితనమేమిటి? తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనుషులంటే నాకు మొదటి నుంచీ పడదు. నా కుందేలుకు ఎన్ని కాళ్లో మాత్రం నేను లెక్కపెట్టుకోలేదు. సరేనండీ, మార్చి తెస్తాను అని లారీని పెట్టెలో పెట్టుకుని వచ్చేశాను. ఇక్కడే ఉంచి వెళ్లొచ్చు కదా, మళ్లీ చూసుకుంటాడని కూతురు అంటే వినిపించనట్టు చెప్పులు వేసుకున్నాను.

శ్రావణం వచ్చింది. ప్రెస్సు నిండా ముహూర్తాలు. ఫోన్లలో వచ్చే ప్రూఫులు, ఫోన్లలో వచ్చే తిట్లు, సాయంత్రానికి అక్షరాలు అలుక్కుపోయేవి. ఇంటికొచ్చి బట్టలు మార్చుకోకుండానే మంచం మీద వాలిపోయేవాణ్ణి. లారీ పెట్టె బీరువా మీద ఉంది. మేస్త్రీ గారి అమ్మాయి ఒకసారి ఫోన్ చేసి, తొందరేం లేదంకుల్, ఊరికే అడిగాను అంది. ఈ నెల కాస్త పని ఎక్కువమ్మా అన్నాను. అది నిజమే. కానీ భాద్రపదంలో పెళ్లిళ్లు లేవు. ప్రెస్సులో ఈగలు తోలుకుంటూ కూర్చున్నాం. అప్పుడు కూడా ఆ పెట్టె దించలేదు. అలసిపోయానని మా ఆవిడతో చెప్పాను. ఆవిడ నమ్మింది. కొన్నాళ్లకు నేనూ నమ్మాను. అసలు సంగతి ఏమిటంటే, తెలిసి తెలిసి తప్పు రాయమన్నందుకు నాకు తలకొట్టేసినట్టయింది. ముప్పై ఏళ్లు నేను చేసిన పని ఆయన దృష్టిలో ఒక బండికి దిష్టి తగిలించే పని అయిపోయింది.

భాద్రపదం చివర అమ్మాయి మళ్లీ ఫోన్ చేసింది. ఈసారి తొందర లేదనలేదు. నాన్నకు ఎడమకన్ను పోయింది, కుడికంట్లో కూడా బాగా తగ్గిపోయింది అంది. 

ఆ మధ్యాహ్నమే సెలవు పెట్టి ఇంటికొచ్చి కూర్చున్నాను. థిన్నరుతో ‘ణ’ చెరిపాను. ‘న’ రాయబోతే చెయ్యి ‘ణ’ వైపే తిరిగిపోతోంది. మూడుసార్లు చెరిపాను. చివరికి లారీని తలకిందులుగా పెట్టి, అది అక్షరమని మరిచిపోయి, ఉత్త గీతలా కాపీ చేశాను. అప్పుడు వచ్చింది. ఆరడానికి కూడా ఆగలేక ఫ్యాన్ కింద పెట్టి, సాయంత్రం బయల్దేరాను.

మేస్త్రీ గారు వాకిట్లో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నా గొంతు విని లేచాడు. లోపల అదే బల్ల, దాని మీద పూల ప్లాస్టిక్ గుడ్డ. లారీ పెట్టాను. ఆయన వెనక్కి అడుగులు వేశాడు. గోడ తగిలేదాకా వేశాడు. తల వంచాడు, ఎత్తాడు, పక్కకు తిప్పాడు. వెనక్కి వెళ్తే రాత ఆనడం లేదు, ముందుకొస్తే లారీ పట్టడం లేదు. ఆ రెండు నెలల్లో కంట్లో మిగిలిన ఆ కాస్త సందు కూడా సన్నబడిపోయింది. నేను బల్ల దగ్గర నిలబడి చూస్తున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆ గదిలో నాకు తెలిసింది.

చివరికి కుర్చీ జరుపుకుని, లారీని ముఖం దగ్గరికి తెచ్చుకున్నాడు. ఒక్కో అక్షరమే పడుతోంది. పైకి చదివాడు, దు, ర్గ, మ్మ, ర, క్ష. ఆఖరి అక్షరం దగ్గర ఆగాడు. “ఇది నాదేనండీ,” అన్నాడు. ఊపిరి పీల్చుకున్నాను. ఆయన కూతుర్ని కాఫీ పెట్టమ్మా అని లోపలికి పంపించి, ఆ అమ్మాయి చెంబు కడుగుతున్న చప్పుడు వినిపించేదాకా ఆగాడు.

“దిష్టీ లేదు, గిష్టీ లేదు సారూ. నాకా అచ్చరం రాదు.”

గొంతు తగ్గించి చెప్పాడు. మూడో తరగతిలో బడి మానేశాడు. బ్రష్షు పట్టాక, బొమ్మలైతే చూసి దింపేవాడు, అక్షరాలు మాత్రం బడిలో వచ్చినన్నే. ఒకసారి షెడ్డులో అందరి ముందూ ఒక ఓనరు, ఏంటి మేస్త్రీ ‘ణ’ కూడా రాదా అని నవ్వాడు. అందరూ నవ్వారు. నోటికొచ్చింది చెప్పేశాడు, దిష్టికండీ అని. ఆ ఓనరు నమ్మాడు. పదిమందికి చెప్పాడు. తర్వాత ఆ తప్పు కోసమే రావడం మొదలుపెట్టారు. ఇంక నేర్చుకోవడానికి దారి లేకుండా పోయింది. ఎవర్ని అడిగినా కథ బయటపడుతుంది. ఇంట్లో పెళ్లాన్నీ అడగలేదు, నర్సు చదివిన కూతుర్నీ అడగలేదు.

“మొదట మీరు తెచ్చినప్పుడు మొత్తం పట్టిందండీ కంటికి. రాత కూడా నాదే, నాకు తెలుసు. పక్కన అమ్మాయి ఉంది. నాదే అంటే ఇన్నాళ్లూ తప్పు రాశానని ఒప్పుకున్నట్టేగా. అందుకని కాదన్నాను,” అన్నాడు. 

అంటే ఆయన చూశాడు. ఆ రోజే చూశాడు, చూసి కాదనుకున్నాడు. నేను దాన్ని అక్కడ ఉంచి వచ్చి ఉంటే, మర్నాడు ఒక్కడూ ఉన్నప్పుడు తీసి తనివితీరా చూసుకునేవాడు. నా మీద నాకు అసహ్యం వేసింది.

“ఎట్టా తిప్పుతారండీ దాన్ని?” అన్నాడు.

ఆయన చూపుడువేలు పట్టుకున్నాను. ప్లాస్టిక్ గుడ్డ మీద అక్షరం ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ మలుపు తిరుగుతుందో, ఎక్కడ పైకి లేస్తుందో నెమ్మదిగా తిప్పి చూపించాను. రెండోసారి ఇద్దరం కలిసి రాశాం. మూడోసారి వేలు విడిపించుకుని తనే రాశాడు. గుడ్డ మీద ఏ గుర్తూ పడలేదు గానీ రాసింది ‘ణ’యే. మలుపు దగ్గర వేలు ఎక్కడా తడబడలేదు.

“ఇంతేనా అండీ?” అన్నాడు.

ఇంతేనండీ అన్నాను. లోపలి నుంచి అమ్మాయి కాఫీలతో వచ్చింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని గ్లాసు అందుకున్నాడు. రెండు నెలలు ఎందుకు ఆలస్యం చేశారని నన్ను ఒక్క మాట అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.